నాలుగో సలాం

"ఇప్పుడు చెప్పకండి," అన్నాడు కోచ్, తండ్రి చెయ్యి పట్టుకుని ఆపి.

తండ్రి చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. బావమరిది ఆసుపత్రి నుంచి చేశాడు. చాలాసేపే మాట్లాడాడు. తండ్రి చెవిలో మాత్రం ఒక్క మాటే నిలిచింది. అక్క పోయింది బావా.

"దాని తల్లి సార్. చెప్పకపోతే ఎలా?"

"చెబుదురుగాని. మన విమానం రేపు కదా. ఇప్పుడు చెప్పినా ఇక్కడే కూచుని ఏడవాలి పిల్ల. ఇన్ని దేశాల పిల్లల్లో ఎనిమిది మంది మిగిలారు, అందులో మనదొకతి. ఓడిన మరుక్షణం చెప్పండి. నేను అడ్డం రాను."

"గెలిస్తే?"

"గెలిస్తే ఇంకో ఆట ఆగండి."

తండ్రి బరి వైపు చూశాడు. ఫెన్సింగ్ కత్తులు పట్టిన పిల్లలంతా తెల్లబట్టల్లో ఉన్నారు. మాస్కు దించితే ఎవరి పిల్ల ఎవరో తెలియదు. బరి చివర మూడుకాళ్ల మీద కెమెరా. అందులోంచే ఆట ఫోన్లలోకి పోతుంది. ఆటకి ముందు అందరూ కత్తెత్తి మూడు సలాములు చేస్తారు. ఎదుటి మనిషికొకటి, రిఫరీకొకటి, జనానికొకటి. కూతురు ఆ కెమెరా వైపు తిరిగి నాలుగోది చేస్తుంది. అది మంచంలో ఉన్న అమ్మకి.

"వైర్ల నాన్నా, ఎక్కడ చచ్చావయ్యా?" కూతురు కేకేసింది.

జట్టు పిల్లలు పెట్టిన పేరది. ఇంటి దగ్గర ఆయనది కరెంటు పని. ఇక్కడ జట్టు కత్తులకి వైర్లు ఆయనే చూస్తాడు. కత్తి మొన తగిలితే పొడిచినవాళ్ల వైపు దీపం వెలగాలి. వైరు తెగితే ఎంత పొడిచినా వెలగదు.

వెళ్లి వీపు వెనక క్లిప్పు తగిలించబోయాడు. జారింది. మళ్లీ పెట్టాడు.

"క్లిప్పు జారుతోందేం?"

"ఏసీకి వేళ్లు కొంకర్లు పోయాయి."

"పెద్ద కరెంటోడివి. నాకు షాకు పెట్టేవు."

మాస్కు చంకలో పెట్టుకుని కత్తెత్తింది. ఆ నాలుగో సలాం చూడలేక తండ్రి కిందికి వంగి సంచీ జిప్పుతో కుస్తీ పట్టాడు. ఆవిడ ఆట చూసే ఫోను ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో. అసలు ఎవరైనా ముట్టుకున్నారో లేదో.

ఆట మొదలైంది. అవతలి దీపం వెలగాలని తండ్రి కోరుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక కూతురు ఓడాలనుకోవడం అదే మొదలు. ఓడితే చెప్పెయ్యొచ్చు. కానీ మనవైపు దీపమే వెలిగింది. మళ్లీ మనదే.

"ఏం తిని వచ్చింది ఇవాళ?" అన్నాడు కోచ్. "ఇలా ఎప్పుడూ ఆడలేదు."

గెలిచింది. తండ్రి నోరు తెరిచాడు. కోచ్ కళ్లతోనే వద్దన్నాడు. కూతురు నీళ్లు తాగి, తండ్రి మొహం చూడకుండా అడిగింది.

"బీపీ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

"అబద్ధాలు. మాత్రలు నా సంచీలోనే ఉన్నాయి." తీసి చేతిలో పెట్టింది. మింగేదాకా ఎదురుగా నిలబడింది. "ఏమైనా తిను కూడా. ఊరు కాని ఊళ్లో పడిపోతే నిన్ను మోసేదెవరు?"

"నువ్వున్నావుగా."

ఆ మాటకి మొహం తిప్పుకుని చేతికి తొడుగు లాక్కుంటూ పోయింది.

రెండో ఆటలో ఎదుటి పిల్ల తలెత్తు పొడుగు. మొదట్లో వరసగా అవతలి దీపమే వెలిగింది. ఇక అయిపోయిందని తండ్రి లేచి నిలబడ్డాడు. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాడు. అంతలో కూతురు వెనక్కి తగ్గి తగ్గి, ఒక్కసారి దూసుకుపోయింది. అక్కణ్నుంచి వదల్లేదు. అదీ గెలిచింది. కోచ్ తండ్రిని కావలించుకోబోయాడు. గుర్తొచ్చి చేతులు దించేసుకున్నాడు.

ఫైనల్‌కి హాలంతా చీకటి చేసి ఒక్క బరి మీదే లైట్లు వేశారు. ఈసారి తండ్రి తల తిప్పుకోలేదు. కూతురు ఎదుటి పిల్లకి కత్తెత్తింది. రిఫరీకి, జనానికి. అంతే. కెమెరా వైపు చూడకుండా మాస్కు దించేసుకుంది.

కంగారులో మరిచిపోయింది కాబోలు అనుకున్నాడు. మంచిదే అయింది. అటుపక్క చూసేవాళ్లెవరు?

ఆట చివరిదాకా ఇద్దరూ సమానం. ఆఖరి పోటు ఎవరిదో తండ్రికి కనపడలేదు, కళ్లకి నీళ్లడ్డం. హాలు హోరెత్తింది. కోచ్ కుర్చీ ఎక్కి గంతులేస్తున్నాడు. మన దీపమే.

కూతురు కదల్లేదు. మాస్కు తియ్యలేదు. రిఫరీ సైగ చేశాక తీసి, ఎదుటి పిల్లకి చెయ్యి కలిపింది. మొహాన నవ్వు లేదు.

తండ్రి వెళ్లి వీపు వెనక క్లిప్పు తీశాడు. ఇక ఆపే వాళ్లు లేరు.

"తల్లీ, నీకో మాట..."

"ఇంకో ఆట లేదా నాన్నా?"

"లేదమ్మా. అన్నీ అయిపోయాయి. నువ్వే గెలిచావు."

కూతురు చేతి తొడుగు తీసేసి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. కుర్చీ దగ్గరికి తీసుకొచ్చింది.

"ముందు కూచో నాన్నా. పొద్దున నీ ఫోను కలవక పిన్ని నాకు చేసింది. ఓడిపోతే నీకు చెప్పాలి కదా. అందుకే గెలుస్తూ వచ్చాను."