నోరు పెగలని వైవా

"ఒక్క ముక్క చెప్పలేకపోయావా? నాలుగేళ్లు ఏం చదివావే?"

వైవా గదిలోంచి బయటికి రాగానే సిద్దికా అరిచింది. సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు ఆమె, కోమలి కలిసి చేశారు. మిర్చి ఆకు ఫొటో తీస్తే తెగులు పేరు చెప్పే యాప్ అది. లాగిన్ భాగం ఎలా రాశారని బయటి కాలేజీ నుంచి వచ్చిన సారు కోమలిని అడిగితే ఆమె నేలచూపులు చూసింది. భోజనాలయ్యాక మళ్లీ రమ్మని ఇద్దరినీ పంపేశారు.

"కోడంతా నేను రాస్తే, నువ్వు నా పరువు తీశావు!"

"రాయనిచ్చావా?" కోమలి గొంతు కూడా లేచింది. "కూర్చున్న ప్రతిసారీ 'నీకు లేటవుద్దిలే, ఇటివ్వు' అని లాప్‌టాప్ లాక్కోలా? 'నువ్వు పీపీటీ చెయ్యి చాలు' అనలా? దర్శి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటోంది పీపీటీలకు రంగులేయడానికా నేను?"

సిద్దికా కోపం అలాగే ఉంది. ఎవరి మీదో ఇప్పుడు తెలియడం లేదు.

విసురుగా ఖాళీ ల్యాబులోకి నడిచింది. లాప్‌టాప్ తెరిచి, లాగిన్ భాగమంతా చెరిపేసి, వెనకాలే వచ్చిన కోమలి ముందుకు తోసింది.

"నువ్వు రాయి."

"పిచ్చా నీకు? మళ్లీ పిలుస్తారే!"

"రాయి."

కోమలి కళ్లు తుడుచుకుని మొదలుపెట్టింది. రెండు వరుసలు రాసిందో లేదో తప్పు దొర్లింది. సిద్దికా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"చెయ్యి తియ్యి," అంది కోమలి, తెర మీంచి చూపు తిప్పకుండా.

సిద్దికా తీసేసింది.