ముందు పాపకే

పక్క ఊళ్లో పిల్లలకు తట్టు పోస్తోంది. నర్సు రూతమ్మకు తిండి సహించడం లేదు. గొర్రెల మాలకొండయ్య ఇంట్లో కవలలున్నారు. మందతో నల్లమల అంచున ఉన్నప్పుడు పుట్టారు. పాకే వయసొచ్చినా ఇద్దరిలో ఒక్కరికీ ఇంతవరకూ సూది పడలేదు.

అడ్డం మాలకొండయ్య తల్లి చెంచమ్మ. ఆమె ఊ అనకుండా ఆ ఇంట్లో పొయ్యి కూడా వెలగదు. టీకా వేస్తే జ్వరమొస్తుందంటుంది, కాలు చచ్చుబడుతుందంటుంది, గిద్దలూరులో ఎవరి బిడ్డో పోయిందంటుంది. ఎవరి బిడ్డ అని అడిగితే మాత్రం నోరు మూసుకుంటుంది. కోడలు గడప దగ్గర నిలబడి కొంగు నలుపుకుంటుంది.

"గొర్రెలకు ఏటేటా టీకాలేపిస్తారు గదా అవ్వా. పిల్లలేం పాపం చేసినారు?" రూతమ్మ ఓ రోజు గట్టిగానే అడిగేసింది.

చెంచమ్మ దొడ్లోని గొర్రెల వైపు చూసింది.

మర్నాడు తనే బిడ్డను చంకనేసుకుని అంగన్‌వాడీకి వచ్చింది. తెచ్చింది మనవణ్ణి కాదు, మనవరాలిని.

రూతమ్మ నమ్మలేకపోయింది. ఆ ఇంట్లో పాలైనా ఉయ్యాలైనా ముందు మనవడికే. తాత పేరు పెట్టి వాణ్ణి అంకన్నా అని నోరారా పిలుస్తారు. పిల్లను ఇంకా పాపా అనే అంటారు. అలాంటి ముసలమ్మ ఆడపిల్లను ముందు తెచ్చింది! వాడికి జలుబట, తగ్గినాక తెస్తుందట. ఈ అవ్వను చూసి బుద్ధి తెచ్చుకోండని రూతమ్మ అక్కడున్న తల్లులందరికీ చెప్పింది.

సాయంత్రానికి పాప ఒళ్లు వెచ్చబడింది. చెంచమ్మ పక్క వదల్లేదు. నుదురు పట్టి చూసింది, కాళ్లు కదిలించి చూసింది, పాలు తాగిందా అని కోడల్ని పదేపదే అడిగింది. చూడవచ్చిన రూతమ్మకు మనసు కరిగిపోయింది. ఇన్నాళ్లూ ఈమెనా నేను తిట్టుకున్నది అని సిగ్గుపడింది.

జ్వరం తగ్గింది. పాప మళ్లీ ఇల్లంతా పాకింది. తర్వాతి వారం చెంచమ్మ మనవణ్ణి ఎత్తుకొచ్చింది.

రూతమ్మకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సూది వేసి, అంకన్నకు జలుబు తగ్గిందా అని నవ్వుతూ అడిగింది.

"జలుబేంది నర్సమ్మా," అంది చెంచమ్మ, మనవడి భుజం మీద దూది అదిమిపెడుతూ. "మందకు కొత్త మందొస్తే, పోయినా పర్వాలేని గొర్రెకు ముందేసి చూస్తాం గదా."