పొద్దున ఎనిమిది గంటల రక్తం

“దీనికి కిడ్నీలు పోయినాయేమో డాక్టరమ్మా. దాచొద్దు, చెప్పేయండి.”

డాక్టర్ కోకిల ఇంకా రిపోర్టు కవరైనా తెరవలేదు. అలా అడిగిన కాంచన పక్కన కూర్చున్న కూతురు మనస్వి కిటికీ వైపు తల తిప్పుకుంది. తిరుత్తణిలో రైలెక్కింది మొదలు తిరువళ్లూరులోని ఈ ఆసుపత్రి దాకా తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. పోయిన వారం మనస్వి ఆఫీసుకు పోతూ స్టేషన్ మెట్లు ఎక్కలేక కూలబడిన రోజు, ఏం మింగుతోందోనని కాంచన ఆమె బ్యాగంతా కుమ్మరించి వెదికింది. అప్పటినుంచి ఇద్దరే ఉన్న ఆ ఇంట్లో కాంచనకు తన గొంతు తప్ప మరో గొంతు వినపడలేదు.

“కిడ్నీలు బాగానే ఉండాయి,” అంది డాక్టర్ రిపోర్టు చూసి. “వాటి మీద చిన్న గ్రంథులుంటాయి. అవి ఒంటికి సత్తువనిచ్చే కార్టిసాల్ అనే హార్మోను తయారుచేస్తాయి. పొద్దున ఎనిమిదికి రక్తంలో అది ఎక్కువగా ఉండాల. ఈ పాపకు దాదాపు లేదు.”

“అయ్యో! అది లేకుంటే బతుకుతుందా?”

“ఉండండమ్మా. లేనప్పుడు మనిషి చిక్కిపోవాల. ఈ పాప ముఖం చూడండి, ఉబ్బి ఉంది.”

“ఉబ్బు కాదు, ఇప్పుడే కాస్త నిండుకునింది. వాళ్ల నాయన పోయేముందు ఎట్ల ఎండిపోయినాడో, పోయినేడు ఇదీ అట్లే ఉండె.”

“అదే నా అనుమానం. బయటినుంచి అట్లాంటిదే స్టెరాయిడ్ మందు పోతా ఉంటే ముఖం ఉబ్బుతుంది, గ్రంథులు పని మానేస్తాయి. ఈ పరీక్ష ఒంట్లో తయారైందాన్నే చూపిస్తుంది. ఏం మందు వాడతా ఉండావు పాపా?”

“ఏమీ లేదు మేడం.”

“చెప్పు మే!” కాంచన కూతురి భుజం పట్టుకుంది. “ఆఫీసులో ఎవురిచ్చినారు? మాత్తరలా? క్రీమా?”

“బ్యాగు చూస్తివి కదా, చాల్లేదా? పొట్ట కూడా కోసి చూడు!”

వారం తరవాత కూతురు ఆమెతో అన్న మొదటి మాట అది.

డాక్టర్ గొంతు తగ్గించింది. “తిట్టేదానికి అడగలేదు. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుంది. మెల్లగా తగ్గించాల. అందుకే నాకు తెలియాల. పేరూ చీటీ లేకుండా పొట్లాలు కట్టి అమ్మే నాటుమందుల్లో కూడా దీన్ని కలిపేస్తా ఉండారు.”

మనస్వి తల అడ్డంగా ఊపింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. డాక్టర్ ఆమెనే చూస్తూ ఉంది.

బయట నర్సు తరవాతి టోకెన్ పిలిచింది. మళ్లీ పిలిచింది.

కాంచన కూతురి భుజం మీదినుంచి చెయ్యి తీసేసింది.

“ఒళ్లొస్తుందని ఆ పొట్లం మందు రోజూ దాని పాలల్లో కలిపేది నేనే.”