గుర్రం రాయి కాపలా

"ముందు సంచి చూపియ్యి" అన్నాడు మాణిక్యప్ప, పడవ దిగిన ముసలామెకు అడ్డంగా నిలబడి.

ముసలామె రిబ్కమ్మ చూపించింది. గడ్డి తీసే ఖుర్పీ, సున్నం పొట్లం, బంతిపూలు, కొవ్వొత్తులు. నారాయణఖేడ్ నుంచి మంజీర నది నడుమ ఈ దిబ్బను చూడవచ్చేవాళ్లు మిర్చిబజ్జీలు తెస్తారు గానీ ఇలాంటి సరంజామా తేరు. ఇది గుప్తనిధులకు పూజలు చేసేవాళ్ల వాటం.

దిబ్బ మీద ఉన్నదల్లా ఒక పాత రాయి. దాని మీద గుర్రమెక్కిన వీరుడి బొమ్మ, పక్కన ప్రభుత్వం వారి బోర్డు. అలాంటి రాళ్ల కింద బంగారం ఉంటుందని చుట్టుపక్కల ఊళ్లన్నిటా నమ్మకం. నిరుడు ఎవరో తవ్వారని ఆఫీసరు వచ్చి కేకలేశాడు. మళ్లీ మట్టి కదిలితే కాపలా ఉద్యోగం ఊడుతుందన్నాడు. అప్పటినుంచీ రాయి దగ్గర ఎవరు వంగినా మాణిక్యప్పకు గుండె దడే.

ముసలామె మనవరాలు షైనీని పట్టుకుని, ఏ ఊరు, ఎవరు పంపారంటూ పోలీసులా ఆరా తీశాడు. సిర్గాపూర్ దిక్కు వాళ్లమని, నాయనమ్మ ఇన్నేళ్లూ హైదరాబాద్‌లో కూలి చేసిందని ఆ పిల్ల చెప్పింది. ఒక్క ముక్క నమ్మితే ఒట్టు.

ఇంతలో రిబ్కమ్మ రాయి ముందు కూర్చుని ఖుర్పీ ఆడిస్తోంది. అతను ఉరికి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఏం తవ్వుతున్నవ్? ఠాణాకు ఫోన్ చెయ్యాల్నా?"

"గడ్డి తీస్తున్న కొడుకా. రేపు ఈస్టర్. సమాధికి సున్నమెయ్యాలె."

"గిది వీరుని రాయి. సమాధి ఏడిది?"

"మా ఆయన థామస్‌ది. నలభై ఏండ్లాయె. శిలువ చేపిచ్చే తాకత్ లేక, చెల్కల పడున్న గుర్రం రాయి తెచ్చి తలకాడ పాతినం. తర్వాత ప్రాజెక్టు నీళ్లొచ్చినయ్. ఊరితోని మునిగిందనుకున్న. మొన్న గీ పిల్ల ఫోన్ల ఫొటో చూపిస్తే గుర్తువట్టిన."

మాణిక్యప్ప పట్టు సడలింది. ఉన్నచోటనే కూలబడ్డాడు. అనుమానించినందుకు సిగ్గుపడుతున్నాడనుకుని, జాలేసి, షైనీ నీళ్లిచ్చింది.

రిబ్కమ్మ చుట్టూ సున్నం గీసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించింది. ఇన్నేళ్లూ ఒక్కడివే ఉంటివా అని మట్టి మీద చెయ్యి వేసి కరువుతీరా ఏడ్చింది. కళ్లు తుడుచుకుని అతనివైపు తిరిగింది.

"ఎవ్వల్నీ ముట్టనియ్యకుంట మావోణ్ని కాపాడినవ్. నువ్వు సల్లగుండాలె."



నిరుడు బంగారం కోసం ఆ రాయి కింద తవ్వి, బయటపడ్డ ఎముకల్ని మంజీరలో పారేసింది మాణిక్యప్పే.