ఎండకు దించినవాడు

కింది వాటా దర్జీ ఆవిడ అందట. పాలవాడు ఆ మాట మూడంతస్తులు మోసుకొచ్చి డ్రైవరు తాత చెవిన వేశాడు.

"ఆ తెల్లచొక్కాల కొంగలున్నారే, వాళ్ళు ఊరికే రారట తాతా. ఒకడు పనిచేస్తుంటే ఇంకొకడు గుమ్మంలో కాపలా కాస్తాడట. అదను చూసి తలమీద చెయ్యి పడిందా, ఇక ఆ మనిషి వాళ్ళలో కలిసిపోయినట్టేనట!"

"నా తలకాయ! పాలు సరిగ్గా పొయ్యి," అన్నాడు తాత.

అన్నాడు గాని, ఆ మాట లోపలెక్కడో నాటుకుంది.

కొంగలంటే మోర్మన్లనే విదేశీ క్రైస్తవ సంఘం కుర్రాళ్ళు. చదువు మధ్యలో ఆపి, రెండేళ్ళపాటు ఊరుగాని ఊళ్ళో జంటగా తిరుగుతారు. వినేవాళ్ళకి దేవుడి మాట చెబుతారు. విననివాళ్ళకి ఏదైనా పనిచేసి పెడతారు. ఒకడు ఇంకొకడి కంటికి దూరం కాకూడదని వాళ్ళ నియమం. ఇద్దరిలో పొట్టివాడు గుమ్మంలో నిలబడేది అందుకే.

మొదటిసారి తలుపు తట్టినప్పుడే తాత తేల్చేశాడు.

"దేవుడి సంగతి ఎత్తారో, మెట్లమీంచి దొర్లిస్తా."

"ఎత్తం తాతగారూ. పనేమైనా ఉందా?" అన్నాడు పొడుగువాడు.

"ఉంది. మా ఆవిడ. పక్షవాతం వచ్చి మంచాన పడింది. మాట పడిపోయింది. ఎండ మొహం చూసి ఏడాది దాటింది. నా మోకాళ్ళు నన్నే మొయ్యవు. కిందికి దించగలవా?"

పొడుగువాడు టై చివర చొక్కాలోకి దోపుకుని, మామ్మని పసిపిల్లలా రెండు చేతుల్లోకి ఎత్తుకున్నాడు. పొట్టివాడు కుర్చీ పట్టుకుని ముందు దిగాడు.

పొడుగువాడికి మన భాష ఎవరు నేర్పారో గాని, మర్యాద తప్ప ఇంకేం నేర్పినట్టు లేరు. మెట్లమీద పిల్లి అడ్డమొస్తే, "పిల్లిగారూ, కాస్త జరగండి," అన్నాడు.

మామ్మ నవ్వింది. మంచాన పడ్డాక నవ్వడం అదే మొదలు.

అప్పట్నించి వారం వారం మామ్మకి ఎండ.

తాత టీ ఇస్తే, "మేం టీ తాగం తాతగారూ, మంచినీళ్ళు చాలు," అనేవాడు పొడుగువాడు.

"టీ తాగనివాడు కూడా ఒక మనిషేనట్రా!" అని తాత ఆ గ్లాసు కూడా తనే తాగేసేవాడు.

వాడు వారానికోసారి ఇంటికి ఫోను చేసుకునేవాడు. ఆ కబుర్లన్నీ మామ్మ కుర్చీ పక్కన కూర్చుని చెప్పేవాడు.

"మా అమ్మ మిమ్మల్ని అడిగానని చెప్పమంది మామ్మగారూ. ఎండలో కూర్చుంటే తలకి గుడ్డ కట్టుకోమంది."

మామ్మకి ఎడమచెయ్యి ఒక్కటే ఆడేది. దాంతో వాడి చొక్కా కాలరు సరిచేసేది.

పాలవాడి కబురొచ్చిన వారం, పొడుగువాడు కళ్ళు వాచిపోయి వచ్చాడు. నవ్వలేదు. మంచినీళ్ళు కూడా వద్దన్నాడు.

ఎత్తుకోబోతుంటే మామ్మ వాడి గడ్డం పట్టి మొహం తనవైపు తిప్పుకుంది. అలా చూస్తూ ఉండిపోయింది.

"ఊఁ, కదలండి. ఎండ పోతుంది," అన్నాడు తాత.

వీడేదో దాస్తున్నాడనిపించింది. వాళ్ళు దిగాక బాల్కనీలోంచి తొంగిచూశాడు.

పొడుగువాడు కుర్చీ ముందు మోకాళ్ళమీద ఉన్నాడు. వాడి పెదవులు కదులుతున్నాయి. వాడి తలమీద మామ్మ చెయ్యి.

చెయ్యీ, తలా. తాతకి కనబడింది అంతే. ఎవరి చెయ్యి ఎవరి తలమీదుందో ఆగి ఆలోచించలేదు.

మోకాళ్ళ సంగతి మర్చిపోయి గబగబా దిగాడు.

"నోరులేని మనిషి దొరికిందనా? నాతో ఒప్పుకున్నదేంటి, ఇక్కడ చేస్తున్నదేంటి?"

దర్జీ ఆవిడ మిషను ఆపి మరీ చూసింది.

"తాతగారూ, అది కాదు..." పొట్టివాడు ముందుకొచ్చాడు. పొడుగువాడు వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మామ్మగారిని పైకి చేర్చి వెళతాను," అన్నాడు.

చేర్చాడు. మామ్మ గొంతులోంచి ఏవో శబ్దాలొచ్చాయి. వాడి చొక్కా వదల్లేదు. తాతే ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాడు.

"ఇక ఈ గడప తొక్కకు."

తర్వాతి వారం కొంగలు రాలేదు. ఆ పై వారమూ రాలేదు. మామ్మ గుమ్మం వైపు తలతిప్పి పడుకునేది. చెంచా నోటిదాకా తెస్తే పెదవులు బిగించేది.

"కోపం నామీదైతే తిండిమీద చూపిస్తావేం?" అన్నాడు తాత.

మామ్మ గుమ్మం వైపే చూసింది. చెంపలు పీక్కుపోయాయి. ఇలాగైతే మనిషి దక్కదని తాతకి అర్థమైంది.

కర్ర పట్టుకుని దిగాడు.

"ఎక్కడికి బాబాయ్?" అంది దర్జీ ఆవిడ.

"నీ నోటికి తాళం కొనుక్కురావడానికి."

అడుగుతూ అడుగుతూ వాళ్ళ గది పట్టుకున్నాడు. పొట్టివాడు తలుపు తీశాడు. లోపల ఎవరో కొత్తవాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు.

"మావాడేడీ?"

"ఇంటికి వెళ్ళిపోయాడు తాతగారూ."

"ఇంకా గడువు తీరలేదుగా? నేనన్న మాటకేనా?"

"కాదు. ఆ రోజు పొద్దున ఇంటినుంచి ఫోనొచ్చింది. వాళ్ళమ్మ పోయింది. సాయంత్రం విమానం. 'మామ్మగారు ఎండకోసం చూస్తుంటారు, దించి వచ్చి పెట్టె సర్దుకుంటా' అన్నాడు."

తాత ద్వారబంధం పట్టుకున్నాడు.

"ఆ ముక్క నాతో అనొచ్చు కదరా! నా ఇంట్లో నిలబడి, ఒక్క ముక్క చెప్పలేకపోయాడా?"

"మాట పడిపోయిన మామ్మగారు అడిగారు, ఆవిడకి చెప్పుకుని ఏడ్చాడు. మీరు అడగలేదు."