మేడ మీద మందు

“ఒక్క వానకే డ్రమ్ము నిండింది మావయ్యా!” మేడ మీంచి దిగిన గొట్టం కింద చెయ్యి పెట్టి కోడలు మురిసిపోయింది. నాలుగేళ్ళ కూతురు ఆ నీళ్ళే మగ్గుతో ముంచి వసారాలోని కుండీలకు మోస్తోంది.

మామగారు నాలుక కరుచుకున్నారు. “అరెరె! పొద్దున్నే మేడంతా మందు చల్లాను. మొత్తం కొట్టుకొచ్చేసుంటుంది.”

“పోనీలెండి, నా మొక్కలకేగా చేరింది. ఇక ఎరువు కొనక్కర్లేదు,” అని నవ్వింది.

“మొక్కల మందు కాదమ్మా. ఎలుకల మందు.”

కోడలి చెయ్యి గొట్టం కిందే ఆగిపోయింది. మెల్లగా కూతురివైపు తిరిగింది. గౌను ముందంతా తడిసి ఉంది.

“నీళ్ళన్నీ కుండీలకే పోశావు కదూ, బంగారూ?”

చిన్నది మూతి తుడుచుకుంది.

“కుండీకి కొంచెం. నాకు కొంచెం.”