ఫోను లేకుండా పరీక్షకు

వరహాలమ్మ పెరటి గుమ్మంలో కూర్చుని మునగాకు దూస్తోంది. డిగ్రీ చదివే కూతురు నీలవేణి, గూట్లో పెట్టిన ఫోనుకి మళ్ళీ చెప్పింది, “వెళ్ళొస్తాను.”

“ఎక్కడికి? నేనూ వస్తాను,” అంది ఫోను.

నీలవేణికి గుండె దడ మొదలైంది. యూనివర్సిటీ పరీక్ష హాలు తలుపు ఫోను తెచ్చినవాళ్ళకి తెరుచుకోదు. గుండె దడ ఉన్నవాళ్ళకీ తెరుచుకోదు. నీలవేణిని ఇప్పటికే రెండుసార్లు వెనక్కి పంపింది. ఈసారీ పంపితే సీటు పోతుంది.

“మజ్జిగివ్వనా?” అంది వరహాలమ్మ.

“మజ్జిగతో తగ్గేదైతే మా క్లాసంతా పాసయ్యేదమ్మా.”

“నిన్ను అంగన్‌వాడీలో దింపినప్పుడు నీకు చెప్పొచ్చేదాన్ననుకున్నావేటే? చెప్పిన్రోజు ఒకటే ఏడుపు. అందుకే నువ్వు ఆటలో పడ్డాక మెల్లిగా జారుకునేదాన్ని.”

“నేను వెతుక్కోలేదా?”

“వెతుక్కునే ఉంటావు. నేను సూడ్లేదు. వరి ఊడుపులకెళ్ళిపోయేదాన్ని.”

నీలవేణి గూటి దగ్గరికి వెళ్ళింది. ఫోనుకి పాత ఫొటోలు సర్దే పని అప్పగించింది. అది ముచ్చటపడుతూ ఒక్కొక్కటే తీసి చూసుకుంటుంటే నీలవేణికి దడ తగ్గింది.

“ఈ ఫొటోలో ఏడుస్తున్న పాప ఎవరు?” అని అడిగింది ఫోను.

నీలవేణి చెప్పులు చేత్తో పట్టుకుని, తల్లికి కూడా చెప్పకుండా గడప దాటింది.